అడగకుండా తీసుకున్న దేహములు, అడిగి స్వీకరించిన దేహములు



ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ తల్లిదండ్రులు గతించిన తరువాత తమ దేహములను ఏమి చేయాలని కోరుకుంటున్నారో వారిని ఎప్పుడైనా అడిగారా? మీ తదనంతరము మీ దేహమును ఏమి చేయాలో మీ పిల్లలకు చెప్పారా? "శుభమా అని ఇంట్లో కూర్చుంటే ఈ మాటలేమిటి?" అని మీకు అనిపిస్తే నేను నొచ్చుకోను. ఏళ్ళ తరబడి వైద్యవృత్తిలో ఉండి, ఎన్నో మరణములను మంచము ప్రక్కన నిలబడి చూసిన నేను కూడా ఉద్యోగ విరమణ చేసిన చాలాకాలము వరకు నా ఇంట్లో ఈ మాట ఎత్తలేదు. నా చేత ఎత్తించినవారు మొదటి సంవత్సరపు వైద్య విద్యార్థులు.

విద్యార్థులు తెచ్చిన జవాబులు

మన దేశములో 2019 నుంచి అమలులో ఉన్న ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో వైద్యుని నడవడి, నీతి, మాటతీరు నేర్పే భాగము ఒకటి చేర్చారు. మృతదేహమే వైద్య విద్యార్థికి మొదటి గురువు అన్న విషయము మీద అందులో ఒక పాఠము ఉంది. శవచ్ఛేదన మొదలుపెట్టే ముందు విద్యార్థులు ఆ దేహము ముందు నిలబడి, దానిని గౌరవముతో చూస్తామని ప్రమాణము చేస్తారు. ఆ సందర్భములో రెండు మాటలు చెప్పమని ఒక కళాశాలవారు నన్ను పిలిచారు. నేను ఉపన్యాసము చెప్పలేదు. ఒక పని అప్పగించాను.

"పండుగ సెలవులకు ఇళ్ళకు వెళ్తున్నారు కదా. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒక్కరినైనా అడిగి రండి. 'మీ తరువాత మీ దేహాన్ని ఏం చేయమంటారు?' అని. వాదించకండి. దానం చేయమని ఒప్పించకండి. విని, రాసుకుని రండి."

సెలవుల తరువాత మరల వెళ్ళాను. ఒక అబ్బాయి తాతగారు పొలము గట్టున, నాయనమ్మను కాల్చిన చోటనే తననూ కాల్చమన్నారట. ఒక అమ్మాయి అమ్మమ్మగారు తన ఒంటి మీద పట్టుచీర ఉంచవద్దనీ, నేత చీర చాలుననీ, పట్టుచీర మనుమరాలికే ఇమ్మనీ చెప్పారట. ఒక ముస్లిం విద్యార్థి తాతగారు తన దేహమునకు స్నానము బయటివారు కాకుండా కన్నకొడుకులే చేయించాలని కోరారు. జంగమ కుటుంబము నుంచి వచ్చిన విద్యార్థి, తమ వారిని కూర్చోబెట్టి సమాధి చేస్తారనీ, తన పెదనాన్నగారు ఆ ఆచారము తప్పవద్దని గట్టిగా చెప్పారనీ రాసుకుని వచ్చాడు. ఒక తల్లి "కళ్ళు ఇచ్చేయండి, మిగిలింది కాల్చేయండి" అన్నారు. ఒక తండ్రి జవాబు చెప్పకుండా లేచి బయటకు వెళ్ళిపోయారు; రాత్రి భోజనాల వేళ తనంతట తానే వచ్చి, "ఆసుపత్రిలో గొట్టాలతో చావనీయకండి, అది చాలు నాకు" అన్నారు. 

ఒక్కరు కూడా "ఏమి చేసినా నాకు ఒకటే" అని ఊరుకోలేదు. ప్రతివారికీ ఒక కోరిక ఉన్నది. చాలామంది ఇళ్ళలో ఆ కోరికను అప్పటివరకు ఎవరూ అడగలేదు.

ఆ రోజు సెలవు తీసుకుని బయలుదేరుతుండగా ఒక విద్యార్థిని లేచి అడిగింది: "మా ఇంట్లో వాళ్ళని మేం అడిగాం సార్. మా టేబుల్ మీద ఉన్న ఆయన్ని ఎవరు అడిగారు?"

ఆ దేహము ఒక అనాథ శవము. ఆమె ప్రశ్నకు నా వద్ద ఉన్న నిజమైన జవాబు, "ఎవరూ అడగలేదమ్మా" అన్నదే. కాని ఆ ఒక్క మాట వెనుక రెండువేల సంవత్సరములకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రనే ఇక్కడ మీకు చెప్పదలచుకున్నాను.

సుశ్రుతుని నుంచి వెసేలియస్ వరకు

శస్త్రచికిత్స నేర్వదలచినవాడు మృతదేహమును కంటితో చూసి నేర్చుకోవాలని సుశ్రుత సంహిత నొక్కి చెబుతుంది. అందుకు పద్ధతిని కూడా శారీరస్థానములో వివరించారు. అవయవములన్నీ ఉన్న దేహమును, విషము వలన కాని దీర్ఘవ్యాధి వలన కాని మరణించని వ్యక్తి దేహమును ఎంచుకోవాలి. దర్భ, ముంజగడ్డి వంటివి చుట్టి, బోనులో ఉంచి, మెల్లగా పారే నీటిలో మరుగైన చోట ఏడు రాత్రులు నానబెట్టాలి. తరువాత వట్టివేళ్ళతోనో వెదురుతోనో కట్టిన కుంచెతో పొరపొరగా మెల్లగా తొలగిస్తూ చర్మము మొదలుకొని లోపలి అవయవముల వరకు పరిశీలించాలి. కత్తితో కోయకుండా పొరలను చూసే ఉపాయమిది. ఎటువంటి దేహము కావాలో ఇంత వివరముగా చెప్పిన ఆ గ్రంథము, ఆ దేహము ఎవరిదో, ఎవరి అనుమతితో తేవాలో చెప్పదు.

పడమటి దేశములలో క్రీస్తు పూర్వము 3వ శతాబ్దములో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రేటస్ మానవ దేహములను ఛేదించి పరిశీలించారు. తరువాత ఆ పని శతాబ్దముల పాటు ఆగిపోయింది. రెండవ శతాబ్దపు గేలెన్ మహావైద్యుడే కాని, కోతులు, పందుల వంటి జంతువులను కోసి చూసినదే మనుషులకూ అన్వయించాడు. ఆ పొరపాట్లను పదమూడు వందల సంవత్సరములు పాఠముగా చదివారు. ఆండ్రియాస్ వెసేలియస్ 1543లో తన గ్రంథమును ప్రచురించి వాటిని సరిదిద్దాడు. మనిషి క్రింది దవడ రెండు ఎముకలు కాదు, ఒకే ఎముక అని చెప్పడానికి కూడా మనిషి దేహమునే చూడవలసి వచ్చింది. అందుకని మానవదేహము లేకుండా వైద్యము లేదు అన్న మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

చిత్రకారునిగా మనకు తెలిసిన లియొనార్డో డా విన్చీ కూడా ఎన్నో దేహములను ఛేదించాడు. 16వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫ్లారెన్సులోని ఒక ఆసుపత్రిలో నూరేళ్ళు దాటిన ఒక వృద్ధునితో అతను మాట్లాడాడు. తనకు నీరసము తప్ప ఏ బాధా లేదని చెప్పిన కొద్ది గంటలకు, మంచము మీద కూర్చునే ఆ వృద్ధుడు ప్రశాంతముగా కన్నుమూశాడు. ఇంత సుఖమైన మరణమునకు కారణమేమిటో తెలుసుకోవాలని లియొనార్డో ఆ దేహమును ఛేదించి, గుండెకు రక్తమునిచ్చే నాళము ఎండిపోయి సన్నబడిందని రాసుకున్నాడు. ధమనులు గట్టిపడటాన్ని గురించిన తొలి వర్ణనలలో అది ఒకటి. ఎంతో దయగల రాత అది. అయినా, ఆ వృద్ధుని అనుమతి అడిగినట్లు ఆ రాతలో ఎక్కడా లేదు. అడగాలన్న ఆలోచనే ఆనాటికి పుట్టలేదు.

శిక్షగా మారిన శవచ్ఛేదన

ఇంగ్లాండులో ఈ కథ ఇంకొక మలుపు తిరిగింది. 1752లో అమలులోకి వచ్చిన హత్యల చట్టము ప్రకారము, హత్య చేసి ఉరితీయబడిన వారిని పూడ్చిపెట్టరాదు. వారి దేహములను ఛేదనకు వైద్యులకు అప్పగించాలి, లేదా గొలుసులతో వ్రేలాడదీయాలి. ఉరికంటె ఘోరమైన అవమానము కావాలనే ఆ శిక్షను ఏర్పాటు చేశారు. వైద్య విద్యకు అవసరమైన ఒక పని ఈ విధముగా జనుల దృష్టిలో నేరస్థుల శిక్ష అయిపోయింది. ఆ మచ్చ తొలగడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. మన ఇళ్ళలో ఈనాటికీ "కోయడము" అనగానే పుట్టే జుగుప్సలో ఆ భయము వంటిదే ఏదో కొంత ఉన్నదేమో ఆలోచించండి.

ఆ కాలములోనే చార్లెస్ బర్న్ అనే ఐర్లండు యువకుడు లండనుకు వచ్చాడు. అతని ఎత్తు సుమారు 7 అడుగుల 7 అంగుళములు. ప్రజలు డబ్బిచ్చి అతనిని చూసేవారు. పిట్యుటరీ గ్రంథిలో పెరిగిన కంతి వలన అంత ఎత్తు పెరిగాడని తరువాతి కాలములో తెలిసింది. అప్పటి వైద్యులకు అతని దేహముపై కన్నుపడింది. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకనే, తాను పోయిన తరువాత తన శవపేటికను సముద్రములో ముంచివేయమని స్నేహితులను కోరాడు. 1783లో, 22 ఏళ్ళకే మరణించాడు. ఆనాటి సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ డబ్బిచ్చి ఆ దేహమును రహస్యముగా సంపాదించాడు. బర్న్ అస్థిపంజరము లండనులోని హంటేరియన్ మ్యూజియములో రెండు వందల ఏళ్ళకు పైగా గాజు అద్దముల వెనుక నిలబడింది. 2023లో ఆ మ్యూజియమును తిరిగి తెరచినపుడు మాత్రమే దానిని ప్రదర్శన నుంచి తొలగించారు. పరిశోధన కొరకు ఇంకా భద్రపరిచే ఉంచారు. సముద్రము మాత్రము అతనికి ఇప్పటికీ దక్కలేదు.

ఇక్కడ ఒక నిమిషము ఆగండి. లియొనార్డో ఆ వృద్ధుని కోరికను అడగలేదు. హంటర్‌కు బర్న్ కోరిక తెలుసు. తెలిసి త్రోసివేశాడు. హంటర్ సామాన్యుడు కాదు. శస్త్రచికిత్సను శాస్త్రముగా నిలబెట్టిన వారిలో ఒకడు. జ్ఞానము మీద ఎంత ప్రీతి ఉన్నా, ఎదుటివాని మాటను వినే గుణము దానంతట అది రాదని తెలుసుకోవడానికి ఈ ఉదాహరణ చాలు.

హంతకులు, పేదలు, ఒక తత్త్వవేత్త

వైద్య కళాశాలలు పెరిగినకొద్దీ ఉరికంబము ఇచ్చే దేహములు చాలలేదు. సమాధులను త్రవ్వి దేహములను అమ్ముకొనే దొంగలు పుట్టుకొచ్చారు. స్కాట్లండులో కలవారు తమ సమాధులపై ఇనుప చట్రములు బిగించుకున్నారు. 1828లో ఎడింబరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు సమాధులు త్రవ్వే శ్రమ కూడా ఎందుకని, బ్రదికి ఉన్నవారినే చంపి అమ్మసాగారు. అద్దెకు దిగినవారిని, దిక్కులేనివారిని, బిచ్చగత్తెలను ఎంచుకున్నారు. ఏడాది తిరగకుండా పదహారు మందిని చంపారు. ఆ దేహములు కొన్నది రాబర్ట్ నాక్స్ అనే పేరున్న అనాటమీ అధ్యాపకుడు. హేర్ తోటివానికి వ్యతిరేకముగా సాక్ష్యమిచ్చి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరి 28న ఉరితీసి, అతని దేహమును కూడా ఛేదనకే ఇచ్చారు. అతని అస్థిపంజరము ఈనాటికీ ఎడింబరో విశ్వవిద్యాలయములో ఉన్నది.

ఈ కలకలము తరువాత 1832లో బ్రిటిషు పార్లమెంటు అనాటమీ చట్టము చేసింది. హంతకుల దేహములను ఛేదించే శిక్షను రద్దుచేసింది. వారి స్థానములో ఎవరిని పెట్టింది? వర్క్‌హౌస్ అని పిలిచే పేదల ఆశ్రమములలోను, ఆసుపత్రులలోను మరణించి, బంధువులెవరూ వచ్చి తీసుకొని వెళ్ళని వారిని. నిన్నటివరకు హత్యకు శిక్షగా ఉన్నది, నేటినుంచి పేదరికమునకు శిక్ష అయినదని పేదలు భయపడ్డారు. తన దేహమును ఛేదించరాదని వ్రాసి ఇవ్వడానికి, లేదా చివరి జబ్బులో ఇద్దరు సాక్షుల ఎదుట నోటితో చెప్పడానికి ఆ చట్టములో అవకాశము ఉన్నది. కాని చదువురాని, అయినవారు లేని ఒక ముదుసలికి ఆ అవకాశము ఎవరు చెబుతారు? సాక్షులుగా ఎవరిని పిలుచుకుంటాడు? 

అదే సంవత్సరము జూన్ 6న, ఆ చట్టము పూర్తికాక ముందే, తత్త్వవేత్త జెరెమీ బెంథమ్ 84వ ఏట మరణించాడు. తన దేహమును స్నేహితుల ఎదుట ఛేదించి పాఠము చెప్పవలెనని అతను స్వయముగా వీలునామా వ్రాశాడు. మూడు రోజుల తరువాత అతని మిత్రుడైన వైద్యుడు సౌత్‌వుడ్ స్మిత్ ఆ కోరిక నెరవేర్చాడు. అస్థిపంజరమునకు బెంథమ్ బట్టలే తొడిగి కూర్చోబెట్టారు. లండను యూనివర్సిటీ కాలేజీలో అది ఇప్పటికీ ఉన్నది. చాలామంది దానిని వింతగా చూస్తారు. నాకు మాత్రము అందులో కనిపించే గొప్ప విషయము వేరు. ఒక పెద్దమనిషి, హంతకులకు విధించే శిక్షను తనకు తానుగా కోరుకొని, దానిని దానముగా మార్చాడు.

మన దేశములో

1835లో కలకత్తాలో వైద్య కళాశాల వెలిసింది. అదే సంవత్సరము మద్రాసులోను, 1846లో హైదరాబాదులోను వైద్య పాఠశాలలు మొదలయ్యాయి. కలకత్తాలో 1836లో మధుసూదన గుప్త అనే ఆయుర్వేద పండితుడు మృతదేహముపై స్వయముగా కత్తి పెట్టి శవచ్ఛేదన చేశారు. ఆయన సంస్కృత కళాశాలలో వైద్యము బోధించినవారు. ఇంగ్లీషు అనాటమీ గ్రంథమును సంస్కృతములోనికి అనువదించినవారు. శవమును తాకితే కులము పోతుందన్న ఆ రోజులలో అది సాహసమే. ఆ సందర్భములో ఫోర్టు విలియమ్ కోట నుంచి ఫిరంగులు పేల్చారని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ ఘట్టమును మన పుస్తకములు గర్వముగా తలచుకుంటాయి. తలచుకోవలసినదే. కాని ఆ బల్లపై ఉన్న మనిషి పేరు చరిత్రలో లేదు. 

బ్రిటిషువారి పద్ధతే మనకూ సంక్రమించింది. 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టము వంటి రాష్ట్ర చట్టములు, ఎవరూ వచ్చి తీసుకొని వెళ్ళని దేహములను వైద్య కళాశాలలకు ఇవ్వడానికి దారి చూపాయి. నా తరము వైద్యులందరూ ఆ దేహముల మీదనే చదువుకున్నారు. మా బల్లపై ఉన్న ఆయన అరచేతులలో గట్టిపడిన కాయలు ఉండేవి. బరువులు మోసిన చేతులు కాబోలు. మేము ఆయనకు ఒక పరిహాసపు పేరు పెట్టుకున్నాము. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయస్సు. లోపలి భయమును నవ్వుతో కప్పిపుచ్చుకొనేవారము. ఒకనాడు హాలు తుడిచే ముసలాయన మా నవ్వులు విని, "బాబూ, ఆయనకూ అమ్మ పెట్టిన పేరొకటి ఉంటది" అన్నాడు. ఆ పేరు మాకు ఎన్నడూ తెలియలేదు. కాని నా చేతితో నేను తాకిన మొదటి మానవ హృదయము ఆయనదే. తరువాత నేను విన్న వేలాది గుండె చప్పుళ్ళకు అర్థము చెప్పినది ఆ చప్పుడు లేని గుండెయే.

అడగకపోవడము ఎంత దూరము పోగలదో వియన్నా చూపించింది. ఎడ్వర్డ్ పెర్న్‌కాఫ్ అనే నాజీ అనాటమీ ఆచార్యుని ఆధ్వర్యములో తయారైన చిత్రగ్రంథమును శస్త్రవైద్యులు దశాబ్దముల పాటు మెచ్చుకున్నారు. ఆ సంస్థకు నాజీల కాలములో మరణశిక్ష పడినవారి దేహములు కనీసము 1,377 చేరాయని వియన్నా విశ్వవిద్యాలయపు విచారణలో 1998 నాటికి తేలింది. అందులో ఎందరో కేవలము రాజకీయ ఖైదీలు. ఇటువంటి అనుభవముల తరువాతనే, స్వచ్ఛందముగా దానము చేసిన దేహములనే బోధనకు వాడాలని అంతర్జాతీయ అనాటమీ సంఘముల సమాఖ్య 2012లో సిఫారసు చేసింది.

అడిగి స్వీకరించడము

ఇక మన కాకినాడకు వద్దాము. ప్రపంచ ప్రసిద్ధి చెందిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లాండు విడిచి మన దేశమునకు వచ్చి, ఇక్కడి పౌరసత్వము తీసుకొని, చివరకు భువనేశ్వర్‌లో స్థిరపడ్డారు. శరీరధర్మ శాస్త్ర ప్రయోగములకు జీవితమంతా తన శరీరమునే వాడుకొన్న మనిషి ఆయన. రక్తములో ఆమ్లము పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తానే రసాయనములు త్రాగారు. నీటి అడుగున పనిచేసేవారి కష్టములు తెలుసుకోవడానికి ఒత్తిడి గదిలో తానే కూర్చున్నారు. పురీషనాళపు క్యాన్సర్ సోకినపుడు, జనులు సిగ్గుపడకుండా త్వరగా వైద్యుని వద్దకు వెళ్ళాలని ఆ జబ్బు మీదనే హాస్యముగా పద్యము వ్రాశారు. 1964 డిసెంబరు 1న మరణించారు. తన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు, బోధనకు, పరిశోధనకు ఇవ్వవలెనని ఆయన వీలునామాలో వ్రాశారు. అప్పటికి ఆ కళాశాల వయస్సు ఆరేళ్ళు. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన మనిషి, గోదావరి జిల్లా పిల్లలు తన నుంచి ఏదో నేర్చుకోవాలని కోరుకున్నారు.

2010లో పశ్చిమ బెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతి బసు దేహము కలకత్తాలోని ఆసుపత్రికి, 2024 సెప్టెంబరులో మన తెలుగువారైన సీతారామ్ ఏచూరి దేహము ఢిల్లీలోని ఎయిమ్స్‌కు చేరాయి. వారి రాజకీయములతో మీకు ఏకీభావము ఉండనక్కరలేదు. తమ కోరికను ముందుగా తమవారికి చెప్పి ఉంచారు. తమవారు దానిని నిలబెట్టారు. మనము గ్రహించవలసినది అది.

ఆసియాలోనే ఇంకొక రెండు చోట్ల ఈ సంబంధము చక్కగా ఎదిగింది. థాయిలాండులో దేహదానము చేసిన వారిని 'ఆచాన్ యాయ్' అంటారు. మహాచార్యుడని అర్థము, ఆ 'ఆచాన్' మన 'ఆచార్య' శబ్దమే. తైవాన్‌లోని ఛు చి వైద్య కళాశాలలో దాతలను 'మౌన గురువులు' అంటారు. అక్కడి విద్యార్థులు కత్తి పట్టకముందే దాత ఇంటికి వెళతారు. భార్యాబిడ్డలతో కూర్చుని, ఆ మనిషి ఏమి పని చేసేవాడో, ఏది ఇష్టపడేవాడో, దేహమును ఎందుకు ఇచ్చాడో తెలుసుకుని వ్రాస్తారు. చదువు ముగిసిన తరువాత దేహమును కుట్టి, బట్టలు తొడిగి, కుటుంబముతో కలిసి తామే మోసి అంత్యక్రియలకు అందజేస్తారు. మా తరములో పరిహాసపు పేరుతో పిలువబడిన మనిషికి, ఇక్కడ అమ్మ పెట్టిన పేరు తిరిగి దొరికింది.

మీరు చేయవలసినవి

నేను మిమ్ములను దేహదానము చేయమని అడగడము లేదు. కట్టెలైనా, మట్టి అయినా, వైద్య కళాశాల అయినా మీ ఇష్టము. ఆ ఇష్టమును బయటకు చెప్పమని మాత్రము అడుగుతున్నాను. ఎందుకో ఒక అనుభవము చెబుతాను.

నా వద్ద చిరకాలము వైద్యము చేయించుకున్న ఒక బడిపంతులుగారు దేహదాన పత్రము నింపి, బీరువాలో బ్యాంకు పుస్తకముల క్రింద దాచుకున్నారు. ఒకరాత్రి గుండెపోటుతో పోయారు. మరునాటి ఉదయము బంధువులు శాస్త్రోక్తముగా దహనము చేశారు. పదకొండవ రోజు తరువాత బీరువా తెరచిన కుమారుడు ఆ కాగితము పట్టుకుని నా వద్దకు వచ్చాడు. "మాకు ఒక్క మాట చెప్పి ఉంటే చేసేవాళ్ళం కదా డాక్టరుగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పోయినవారు తమ దేహమును తాము తీసుకొని వెళ్ళి అప్పగించలేరు. మీరు ఎంత వ్రాసినా, దానిని నెరవేర్చవలసినవారు మీ ఇంటివారే.

దానము చేయదలచినవారు ఈ సంగతులు గుర్తుంచుకోండి.

దేహదానమునకు దగ్గరలోని వైద్య కళాశాల అనాటమీ విభాగములో ముందుగా పత్రము నింపాలి. సాధారణముగా ఇద్దరు సాక్షుల సంతకములు అడుగుతారు. అందులో ఒకరు దగ్గరి బంధువు అయితే మంచిది. నకలు ఇంట్లో అందరికీ కనబడేచోట ఉంచండి. మరణము తరువాత వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రము అవసరము. దేహము పాడుకాకముందే, వీలైనంత త్వరగా కళాశాలకు తెలియజేయాలి. అక్కడ రక్తనాళము ద్వారా ఫార్మలిన్ ఎక్కించి భద్రపరుస్తారు. 

శవపరీక్ష జరిగిన దేహములను, హెచ్.ఐ.వి., హెపటైటిస్ వంటి అంటువ్యాధులు ఉన్నవారి దేహములను సాధారణముగా స్వీకరించరు. అందుచేత, దానము కుదరకపోతే ఏమి చేయాలో కూడా ఇంట్లోవారికి చెప్పి ఉంచండి.

నేత్రదానము దాదాపు ఎవరైనా చేయవచ్చు. కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శకపు పొర అయిన కార్నియాను మరణించిన ఆరు గంటలలోపు తీసుకోవాలి. కంటివైద్యులు వచ్చేవరకు రెప్పలు మూసి, తడి దూదిని ఉంచి, తల క్రింద దిండు పెట్టి, ఫ్యాను ఆపివేయండి. ఆ తరువాత దహనము కాని, ఖననము కాని, దేహదానము కాని చేయవచ్చు. 

అవయవదానము వేరు. గుండె, కాలేయము, మూత్రపిండముల వంటివి సాధారణముగా బ్రెయిన్ డెత్ నిర్ధారణ అయిన రోగి నుంచి, ఆసుపత్రిలోనే, కుటుంబపు అంగీకారముతో తీసుకుంటారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము దీనికి ఆధారము. అవయవములు ఇచ్చిన దేహమును అనాటమీ బోధనకు మామూలుగా తీసుకోరు. ఏది మీకు ముఖ్యమో ముందే ఆలోచించుకోండి.

కర్మకాండల సంగతి చాలామంది అడుగుతారు. దేహమును అప్పగించే ముందు ఇంటివద్ద పూజ, ప్రార్థన, కడసారి చూపు జరుపుకొన్న కుటుంబములను నేను చూశాను. తరువాతి కర్మలు వారి వారి పురోహితులు చెప్పినట్లు చేసుకున్నారు. ఈ విషయమును కూడా మీ ఇంటి పెద్దలతోను, పురోహితులతోను బ్రదికి ఉండగానే మాట్లాడుకోవడము మేలు.

ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్న విన్న రోజు సాయంత్రము నేను కూడా ఇంట్లో మాట ఎత్తాను. నా దేహమును నేను చదువుకొన్న కళాశాలకే ఇమ్మని చెప్పాను. అప్పు తీర్చుకోవడము అనుకోండి. నా భార్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ ఇష్టం మీరు చెప్పారు. నన్ను మాత్రం మా ఊరి ఏటిగట్టున కాల్చండి. కళ్ళు ఇవ్వండి" అన్నది. రెండు కోరికలనూ ఒకే కాగితము మీద వ్రాసి, ఇద్దరమూ సంతకము చేసి, విదేశములో ఉన్న మా అబ్బాయికి ఫోనులో చదివి వినిపించాము. వాడు కొంతసేపు మౌనముగా ఉండి, "సరే నాన్నా, గుర్తుంచుకుంటాను" అన్నాడు. పావుగంట కూడా పట్టలేదు.

ఈ ఆదివారము భోజనముల తరువాత మీ ఇంట్లో పెద్దవారి ప్రక్కన కూర్చుని అడగండి. వారు ఏమి చెప్పినా విని, వ్రాసి ఉంచండి. మీ కోరికను కూడా వారికి చెప్పండి.

ఆరోగ్యముతో, దీర్ఘాయువుతో ఉండండి.